టీమ్‌లో లాంగ్ స్నాపర్ అనే ఒకడుంటాడు

(డాలస్ దగ్గర ఫ్రిస్కోలో, తెలుగువాళ్లు వారాంతంలో కలిసిన చోట ఇచ్చిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

వెనక వరసకి వినిపిస్తోందా అండీ? సరే, మొదలుపెడతాను.

2008 సీజన్‌లో ఎన్‌ఎఫ్‌ఎల్, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్, మొత్తం మీద డిఫెన్స్ ఆడేవాళ్లలో మొనగాడు ఎవరంటే జేమ్స్ హారిసన్. నా మాట కాదు, ఆ ఏటి డిఫెన్సివ్ ప్లేయర్ ఆఫ్ ద ఇయర్ అవార్డు అతనికే ఇచ్చారు. ఆ సీజన్ సూపర్ బౌల్‌లో, అంటే ఫైనల్లో, అవతలివాళ్లు గోల్ లైన్ దగ్గర విసిరిన బంతిని మధ్యలో పట్టేసుకుని, ఆ చివర నుంచి ఈ చివరకి వంద యార్డులు పరిగెత్తి, బంతితో అవతలి చివర గీత దాటి టచ్‌డౌన్ చేసింది కూడా ఈయనే. పిట్స్‌బర్గ్ స్టీలర్స్‌లో చూస్తేనే దడుచుకునే మనిషి. అదే ఏడాది అక్టోబర్ 26న న్యూయార్క్ జెయింట్స్‌తో మ్యాచ్. నాలుగో క్వార్టర్, స్టీలర్స్ 14–12తో ముందున్నారు. కిక్ కొట్టేవాళ్ల కోసం కాళ్ల సందులోంచి బంతిని వెనక్కి విసిరేవాణ్ణి లాంగ్ స్నాపర్ అంటారు, ఆ విసురే స్నాప్. వాళ్ల లాంగ్ స్నాపర్ గ్రెగ్ వారెన్ అప్పటికే మోకాలు దెబ్బతిని బయటికి వెళ్లిపోయాడు. పంట్ కొట్టాలి, అంటే బంతిని దూరంగా తన్ని అవతలివాళ్లకి వదిలెయ్యాలి, దాన్ని వెనక్కి విసిరే మనిషి లేడు. నేను చేస్తాలే అని హారిసన్ ముందుకొచ్చాడు. వంగాడు, విసిరాడు, బంతి పంటర్ మిచ్ బెర్గర్ తల మీదుగా ఎగిరి, తమ గోల్ లైన్ వెనకున్న ఎండ్ జోన్ దాటి బయట పడింది. సేఫ్టీ! జెయింట్స్‌కి ఊరికే రెండు పాయింట్లు, స్కోరు 14–14. పైగా రూలు ప్రకారం బంతి మళ్లీ వాళ్ల చేతికే. వాళ్లు ఆగకుండా టచ్‌డౌన్ కూడా చేసేసి 21–14తో గెలిచి వెళ్లిపోయారు.

నేనివాళ చెప్పదలుచుకున్నదంతా ఆ ఒక్క స్నాప్‌లోనే ఉంది. బలం, చురుకు, ధైర్యం, దేనికీ లోటు లేని మనిషి, ఆ ఏడు లీగులోకెల్లా గొప్ప డిఫెండర్, అతనికి చేతకాలేదు. అదే పని టీవీలో మనకి ప్రతి ఆదివారం కనిపిస్తూనే ఉంటుంది, కానీ అదొక పని అన్న సంగతే మనకి తట్టదు.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం రెండు ముక్కలు. మామూలు ఆటలో సెంటర్ అనేవాడు బంతిని తన వెనకే నిలబడ్డ క్వార్టర్‌బ్యాక్‌కి, అంటే బంతి విసిరి ఆట నడిపేవాడికి, అందిస్తాడు, లేదా నాలుగైదు యార్డుల వెనక్కి వేస్తాడు. లాంగ్ స్నాపర్ రంగంలోకి దిగేది కిక్ కొట్టాల్సి వచ్చినప్పుడే. పంట్ అయితే పంటర్ దాదాపు 15 యార్డుల వెనక నిలబడతాడు. ఫీల్డ్ గోల్, అంటే గోల్ పోస్టుల మధ్యలోంచి బంతిని తన్నడం, అయినా, టచ్‌డౌన్ తర్వాత కొట్టే ఎక్స్‌ట్రా పాయింట్ అయినా, ఏడెనిమిది యార్డుల వెనక ఒకడు మోకాలి మీద కూర్చుని ఉంటాడు, హోల్డర్ అంటారు. ఆ దూరానికి, ఆ చేతుల్లోకి, కాళ్ల సందులోంచి బంతి వెళ్లాలి. ఒక మ్యాచ్‌లో ఇలాంటివి పదికి అటూ ఇటూగా వస్తాయి. అంతే అతని డ్యూటీ. మూడు గంటల మ్యాచ్‌లో మొత్తం కలిపితే బంతి అతని చేతిలో ఉండేది ఎంతసేపో మీరే ఊహించుకోండి.

డాలస్ టీమ్ కౌబాయ్స్ ప్రాక్టీస్ చేసే ‘స్టార్’ ఇక్కడే మన ఊళ్లోనే ఉంది కదా, పిల్లల్ని తీసుకుని అందరం వెళ్లినవాళ్లమే. క్వార్టర్‌బ్యాక్ పేరు రెండో క్లాసు పిల్లాడికీ తెలుసు. అతనికి ఏడాదికి 6 కోట్ల డాలర్ల లెక్కన కాంట్రాక్టు ఇచ్చారన్న సంగతి ఇండియా నుంచి ఆరు నెలలకి వచ్చిన అత్తమామలకీ తెలుసు. (నవ్వులు) లాంగ్ స్నాపర్ పేరేంటని ఇక్కడ ఎవర్నీ అడిగి ఇబ్బంది పెట్టను. కరెంటు పోయిన రోజునే లైన్‌మన్ గుర్తొచ్చినట్టు, బంతి తల మీదుగా ఎగిరిపోయిన రోజునే ఇతని పేరు కామెంటేటర్ నోట్లోంచి వస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి, టైము. ఫీల్డ్ గోల్‌లో బంతి స్నాపర్ చెయ్యి వదిలిన క్షణం నుంచి కిక్కర్ కాలు తగిలే దాకా అందరూ పెట్టుకునే లెక్క సుమారు 1.3 సెకన్లు. అంతకు మించితే పక్కనుంచి దూసుకొచ్చేవాడి చెయ్యి బంతికి అడ్డం పడుతుంది. ఈ 1.3 సెకన్లలో బంతి వెనక్కి వెళ్లాలి, హోల్డర్ పట్టుకోవాలి, నేల మీద నిలబెట్టాలి, కిక్కర్ అడుగులు వేసి కొట్టాలి. ఇక్కడ గమ్మత్తేమిటంటే కిక్కర్ బంతి నేలకి ఆనేదాకా ఆగడు. ఆగితే టైము చాలదు. బంతి ఇంకా గాలిలో, హోల్డర్ చేతుల్లో ఉండగానే అతని అడుగు మొదలైపోతుంది. అంటే స్నాప్ బాగానే వస్తుందన్న నమ్మకం మీద కదులుతాడు. రెండుసార్లు అటూ ఇటూ వస్తే చాలు, మూడోసారి కిక్కర్ అరక్షణం తటపటాయిస్తాడు. అప్పుడు బంతి పోల్ పక్కనుంచి పోతుంది, తిట్లు కిక్కర్‌కి పడతాయి.

పంట్ ఇంకో రకం. 15 యార్డులంటే దాదాపు 13.7 మీటర్లు. బాగా వేసే స్నాపర్ ముప్పావు సెకనులో బంతిని చేరుస్తాడు. లెక్క కడితే గంటకు 65 కిలోమీటర్ల వేగం. అదీ ముందుకు చూస్తూ కాదు, తల కాళ్ల మధ్య పెట్టి, పంటర్‌ని తలకిందులుగా చూస్తూ. వేసి ఊరుకుంటే సరిపోదు. విసిరిన మరుక్షణం తలెత్తి, ఎదురుగా వచ్చే నూట పాతిక కిలోల మనిషిని ఆపాలి. పంట్ కొట్టేదాకా అక్కడే ఉండాలి, ఎందుకంటే ఎన్‌ఎఫ్‌ఎల్ రూలు ప్రకారం బంతిని తన్నకముందే ముందుకు పరిగెత్తే హక్కు రెండు చివర్లలో నిలబడ్డ ఇద్దరికే ఉంది. కాలికి బంతి తగిలిన చప్పుడు వినగానే నలభై యార్డులు పరిగెత్తి, బంతి పట్టినవాడిని పడెయ్యడానికి వెళ్లాలి. సగటు స్నాపర్ 110 కిలోలుంటాడు. ఇవన్నీ ఒకే మనిషి చెయ్యాలి.

ఇక లేసుల సంగతి. ఇది నాకు చాలా ఇష్టమైన భాగం, కొంచెం ఓపిక పట్టండి. ఫుట్‌బాల్‌కి ఒక పక్కన తెల్ల లేసు ఉంటుంది కదా, ఎనిమిది అడ్డ కుట్లు. కిక్కర్ కాలు ఆ లేసు మీద పడకూడదు. పడితే బంతి ఎటు పోతుందో చెప్పలేం. అందుకని హోల్డర్ బంతిని నిలబెట్టినప్పుడు లేసు గోల్ పోస్టుల వైపు ఉండాలి. పక్కకి వస్తే వేళ్లతో తిప్పి సరిచేస్తాడు, కానీ తిప్పడానికి టైము కావాలి, మన దగ్గరున్నదేమో 1.3 సెకన్లు. కాబట్టి మంచి స్నాపర్ ఏం చేస్తాడంటే, హోల్డర్ చేతుల్లో పడేసరికే లేసు సరైన వైపు ఉండేలా వేస్తాడు! బంతి గుండ్రంగా తిరుగుతూ వెళ్తుంది, ప్రతిసారీ ఒకే వేగం, ఒకే దూరం, ఒకే తిప్పు అయితే ప్రతిసారీ అన్నే చుట్లు తిరుగుతుంది. హోల్డర్ నాకు లేసు కాస్త కుడికొస్తోంది అంటే, స్నాపర్ తన విసురు మార్చడు. నేల మీద బంతిని పట్టుకునేటప్పుడే లేసుని అంత మేరకు పక్కకి జరిపి పట్టుకుంటాడు, మిగతాదంతా యథాతథం. ఆ చెయ్యి ఎంత స్థిరంగా ఉంటే ఈ సర్దుబాటు పనికొస్తుందో ఆలోచించండి. చెయ్యే రోజుకో రకంగా పోతుంటే దేన్ని చూసి సరిచేస్తారు?

లేసు తప్పితే ఏమవుతుందో 2016 జనవరి 10న మినియాపోలిస్‌లో చూశాం. చలి మైనస్ 21 డిగ్రీలు. వైకింగ్స్ 10–9తో వెనకబడి ఉన్నారు, సీహాక్స్ మీద, ప్లేఆఫ్ మ్యాచ్, ఓడితే ఇంటికే. చివర్లో 27 యార్డుల కిక్, ఈ స్థాయిలో కళ్లు మూసుకుని కొట్టేది. బ్లేర్ వాల్ష్ ఎడమకి కొట్టేశాడు, సీజన్ అయిపోయింది. ఫోటోలు చూడండి, లేసు గోల్ పోస్టుల వైపు కాదు, వాల్ష్ వైపే ఉంది. ఆ మనిషి ఆ సాకు చెప్పలేదు, తప్పు నాదే అన్నాడు. పెద్దమనిషి. కానీ నాలాంటి పనిలేనివాళ్లు మాత్రం ఆ ఫోటో పెద్దది చేసి చూస్తూనే ఉంటాం. (నవ్వులు)

మా అబ్బాయి స్కూల్ టీమ్‌లో స్నాపర్, కొందరికి తెలుసు. టెక్సస్‌లో స్కూల్ ఫుట్‌బాల్ అంటే ఏంటో మీకు చెప్పక్కర్లేదు. వాడు గరాజ్ ముందు వంగి, ఫెన్స్‌కి కట్టిన వల మీద టేపుతో వేసిన గుర్తుకి విసురుతుంటాడు. పక్కన నిలబడి చూస్తే తప్ప తెలియని సంగతులు కొన్ని ఉన్నాయి. కుడి చెయ్యి బంతి ముందు భాగంలో లేసు మీద, మామూలుగా విసిరేవాడి పట్టులాగే. ఎడమ చెయ్యి పైన ఊరికే ఆనించి ఉంటుంది, దారి చూపడానికి. మోచేతులు మోకాళ్ల లోపలికి రాసుకుంటూ వెళ్లాలి. చివర్లో రెండు అరచేతులూ బయటికి తిరిగి, బొటనవేళ్లు ఆకాశం వైపు చూస్తూ ఆగాలి. బంతి ఎటు పోయిందో చూడకుండా ఆ చేతులు ఆగిన తీరు చూసి వాళ్ల కోచ్ మంచిదో చెడ్డదో చెప్పేస్తాడు. నడుం కాస్త ఎక్కువ ఎత్తితే బంతి ఎగురుతుంది. పిరుదులు వెనక్కి జారితే నేలకి కొడుతుంది. హారిసన్‌కి ఆ రోజు ఏమైందో నాకు ఆ గరాజ్ ముందే అర్థమైంది. భుజాల బలం అంతా పెట్టి విసిరాడు, వదలాల్సిన చోట కన్నా ఆలస్యంగా వదిలాడు, అంతే.

ఇప్పుడు శాన్‌ఫ్రాన్సిస్కోకి వెళ్దాం. కాండిల్‌స్టిక్ పార్క్, ఫార్టీనైనర్స్ పాత స్టేడియం, ఇప్పుడు లేదు, పడగొట్టేశారు. ఆ ఒక్క మైదానంలో, అదే ఫార్టీనైనర్స్ మీద, న్యూయార్క్ జెయింట్స్ స్నాపర్లు మూడుసార్లు, మూడు వేర్వేరు ఏళ్లలో, సీజన్ మొత్తం తేల్చే స్నాప్ వేశారు. రాసిపెట్టినట్టు ఉంటుంది చూడండి.

మొదటిది 1991 జనవరి 20. ఎన్‌ఎఫ్‌సీ ఛాంపియన్‌షిప్, గెలిస్తే సూపర్ బౌల్‌కి వెళ్లే మ్యాచ్. ఫార్టీనైనర్స్ వరసగా మూడో సూపర్ బౌల్ కోసం చూస్తున్నారు. జెయింట్స్ ఆ రోజు ఒక్క టచ్‌డౌన్ చెయ్యలేదు. మాట్ బార్ ఐదు ఫీల్డ్ గోల్స్ కొట్టాడు, ఆఖరిది టైమ్ అయిపోతుండగా 42 యార్డుల నుంచి, 15–13. స్నాపర్ స్టీవ్ డియోసీ, అంతకుముందు మన కౌబాయ్స్‌లో ఆడినవాడే. జెయింట్స్ వారం తిరిగేసరికి సూపర్ బౌల్ కూడా గెలిచారు.

రెండోది 2003 జనవరి 5. ఇదీ అసలు విషాదం. జెయింట్స్‌కి ఆ సీజనంతా స్నాపర్ గొడవే. చివరికి ప్లేఆఫ్ వారంలో ట్రే జంకిన్‌ని పిలిచారు. వయసు 41, రిటైరై ఇంటి దగ్గర ఉన్నాడు, 1983 నుంచి మొదలెట్టి 19 సీజన్లు ఆడిన మనిషి. వచ్చి సంతకం పెట్టాడు. మ్యాచ్‌లో జెయింట్స్ మూడో క్వార్టర్లో 38–14 ముందున్నారు. 24 పాయింట్లు! ఆ ఆధిక్యం అంతా కరిగిపోయి 39–38 అయింది. మూడు నిమిషాలుండగా ఒక ఫీల్డ్ గోల్ పోయింది, స్నాప్ సరిగ్గా లేదు. ఆరు సెకన్లుండగా ఇంకో అవకాశం, 41 యార్డులు. జంకిన్ వేసిన బంతి కిందకి వచ్చింది, హోల్డర్ మాట్ అలెన్ దాన్ని అందుకున్నాడు కానీ ఇక నిలబెట్టే వీల్లేక లేచి పరిగెత్తి విసిరాడు. దాన్ని అందుకోబోయిన జెయింట్స్ ఆటగాణ్ణి అవతలివాళ్లు లాగి కింద పడేశారు, రెఫరీలు ఆ ఫౌల్ ఇవ్వలేదు. మర్నాడు లీగే ఒప్పుకుంది, అది మా పొరపాటు, ఆ కిక్ మళ్లీ కొట్టనివ్వాల్సింది అని. ఏం లాభం? జంకిన్ మాత్రం ఆ రాత్రి విలేఖరుల ముందు నిలబడి ఓటమి తన నెత్తిన వేసుకున్నాడు. 24 పాయింట్లు పోగొట్టుకున్న డిఫెన్స్ గురించి ఇప్పుడెవరూ మాట్లాడరు. 19 ఏళ్లలో వేసిన స్నాపులు ఎవరికీ గుర్తులేవు. జంకిన్ అనగానే ఆ ఒక్కటే. నాకు ఇది ఇప్పటికీ అన్యాయంగానే అనిపిస్తుంది. అయితే టీమ్ నడిపినవాళ్లని కూడా అడగాలి కదా, 53 మంది టీమ్‌లో ఒక్క స్నాపర్‌ని సీజన్ మొదట్లోనే గట్టిగా చూసుకోలేకపోయారా అని.

మూడోది 2012 జనవరి 22. మళ్లీ ఎన్‌ఎఫ్‌సీ ఛాంపియన్‌షిప్, మళ్లీ కాండిల్‌స్టిక్, వాన పడి నేలంతా తడి. ఓవర్‌టైమ్‌లో జెయింట్స్ కొట్టిన పంట్‌ని పట్టినవాడు బంతి జారవిడిచాడు. తర్వాత లారెన్స్ టైన్స్ 31 యార్డుల కిక్ కొట్టాడు, 20–17. ఆ స్నాప్ వేసింది ఎవరో తెలుసా? జాక్ డియోసీ. ఆ స్టీవ్ డియోసీ కొడుకు! తండ్రి వేసిన 21 ఏళ్ల తర్వాత, అదే జెర్సీలో, అదే మైదానంలో, అదే టీమ్ మీద. ఆ ఏడు కూడా జెయింట్స్ సూపర్ బౌల్ గెలిచారు. మన దగ్గర ఇలాంటి కథ సినిమాలో పెడితే మరీ ఎక్కువైందని నవ్వుతారు. (నవ్వులు)

వెనకటి రోజుల్లో ఇది ప్రత్యేకమైన ఉద్యోగం కాదు. సెంటరో, ఇంకో లైన్‌మనో, ఎవడికి కాస్త అలవాటుంటే వాడు వేసేవాడు. 1970ల మొదట్లో వాషింగ్టన్ కోచ్ జార్జ్ అలెన్, జార్జ్ బర్మన్ అనే అతన్ని ముఖ్యంగా ఈ పనికే పెట్టుకున్నాడు. ఈ బర్మన్ తర్వాత సిరక్యూస్ యూనివర్సిటీలో బిజినెస్ స్కూల్‌కి డీన్ అయ్యాడు, అది వేరే సంగతి. తర్వాత మెల్లగా ఒక్కో టీమ్ అదే దారి పట్టింది, 1990లు వచ్చేసరికి ఈ ఒక్క పని చేసే మనిషి చాలా టీమ్‌లలో కనిపించడం మొదలైంది. ఇదే కాలంలో ఫీల్డ్ గోల్స్ సంగతి చూడండి. 1970ల్లో నూటికి 60కి అటూ ఇటూ పడేవి. ఇప్పుడు 85 దగ్గర పడుతున్నాయి, అదీ ఇంకా దూరాల నుంచి. కిక్కర్లు బాగుపడ్డారు, నిజమే. గడ్డి బాగుపడింది, కప్పు ఉన్న స్టేడియాలు వచ్చాయి, అన్నీ నిజమే. కానీ కాలు కదిలే ముందు బంతి ప్రతిసారీ ఒకే చోట, ఒకే క్షణంలో, ఒకేలా నిలబడి ఉండడం అనేది కిక్కర్ చేతిలో ఉన్న విషయం కాదు. ఆ పాతిక శాతం పెరుగుదలలో స్నాపర్ వాటా ఎంతో ఎవరూ విడదీసి చెప్పలేరు, నేనూ చెప్పలేను, కానీ సున్నా మాత్రం కాదని నేను పోట్లాడతాను.

విడదీసి చూపించాలంటే ఒకటే దారి, అతను లేని రోజు చూడాలి. 2012 సెప్టెంబర్ 10, ఓక్లాండ్ రైడర్స్, సీజన్‌లో వాళ్ల తొలి మ్యాచ్, సోమవారం రాత్రి దేశమంతా చూస్తోంది. స్నాపర్ జాన్ కాండో తలకి దెబ్బ తగిలి బయటికొచ్చాడు. ట్రావిస్ గెథెల్ అనే లైన్‌బ్యాకర్‌ని, డిఫెన్స్ ఆడేవాణ్ణి, పెట్టారు. పంటర్ షేన్ లెక్లర్, ఆ తరంలో గొప్ప పంటర్లలో ఒకడు. రెండుసార్లు బంతి నేల మీద దొర్లుకుంటూ అతని దగ్గరికొచ్చింది, తన్నడానికి వీలే లేకపోయింది. పోనీ అని మూడోసారి ముందుకు జరిగి నిలబడ్డాడు, దూరం తగ్గిందిగా, అవతలివాళ్లకీ తగ్గింది, బ్లాక్ చేసేశారు. ఛార్జర్స్ 22–14తో గెలిచారు. లెక్లర్ కాలు ఎంత గొప్పదైతే ఏం, బంతి అక్కడికి రావాలిగా!

బెంగాల్స్ టీమ్ సంగతి ఇంకా కడుపుమంట. 2006 డిసెంబర్ 24, డెన్వర్‌లో మంచు. ఆఖరి నిమిషంలో టచ్‌డౌన్ చేసి 24–23కి వచ్చారు, ఎక్స్‌ట్రా పాయింట్ కొడితే సమానం. స్నాప్ చెదిరింది. స్నాపర్ బ్రాడ్ సెయింట్ లూయిస్, 2000 నుంచి ఆ పనే చేస్తున్నవాడు. ఆ ఒక్క పాయింటు పోయింది, మ్యాచ్ పోయింది, ఆ ఏడు ప్లేఆఫ్‌కి కూడా రాలేదు.

చేతకాక కాదు, బుర్ర అడ్డం పడి పోయే రోజులూ ఉంటాయి. బ్రయన్ కిన్చెన్ కథ అదే. 2003 సీజన్లో పేట్రియట్స్ స్నాపర్ లోనీ ప్యాక్స్‌టన్‌కి గాయమైంది, తర్వాత తెచ్చినవాడికీ గాయమైంది. డిసెంబర్లో కిన్చెన్‌కి ఫోన్ వెళ్లింది. అప్పటికి ఆట వదిలేసి మూడేళ్లు, వయసు 38, లూసియానాలో ఒక స్కూల్లో ఏడో తరగతి పిల్లలకి బైబిల్ పాఠాలు చెప్పుకుంటున్నాడు. వచ్చాడు, కొన్నాళ్లు బాగానే వేశాడు. సూపర్ బౌల్ వారంలో టెన్షన్ చేతుల్లోకి దిగింది. ప్రాక్టీసుల్లో బంతి నేలకి కొట్టడం మొదలైంది. అది చాలదన్నట్టు మ్యాచ్ రోజున కత్తితో వేలు కోసుకున్నాడు. ఇక అవతలి టీమ్ ఎవరు? కారొలైనా పాంథర్స్, అతను ఆఖరిగా ఆడిన టీమ్. 2004 ఫిబ్రవరి 1, మన హ్యూస్టన్‌లో. స్కోరు 29–29. ఆ రోజు పేట్రియట్స్ కిక్కర్ వినటియేరి, అంతటివాడు, అప్పటికే ఒకటి మిస్ చేశాడు, ఒకటి బ్లాక్ అయింది. ఆఖరి సెకన్లలో 41 యార్డుల కిక్. కిన్చెన్ వంగి వేశాడు, సరిగ్గా వెళ్లింది, 32–29. మర్నాడు పేపర్లలో వినటియేరి ఫోటో. అదేం తప్పు కాదు, కొట్టింది అతనే.

డబ్బు గురించి ఎవరో అడగబోతున్నారు, ముందే చెప్పేస్తా. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 32 టీమ్‌లు, టీమ్‌కి ఒకడు, అంటే దేశం మొత్తం మీద 32 ఉద్యోగాలు. బాగా స్థిరపడ్డవాడికి ఏడాదికి 10 లక్షల డాలర్ల పైచిలుకు. మనకి ఎక్కువే, వాళ్ల లెక్కలో అట్టడుగు. డ్రాఫ్ట్‌లో, అంటే కాలేజీ ఆటగాళ్లని టీమ్‌లు వంతులవారీగా ఎంచుకునేచోట, తీసుకోవడం అరుదు. పేట్రియట్స్ 2015లో జో కార్డోనాని ఐదో రౌండ్లో తీసుకుంటే జనం వింతగా చూశారు, అతనేమో నేవల్ అకాడమీ నుంచి వచ్చి అటు నేవీ ఉద్యోగమూ ఇటు ఇదీ చేశాడు. కానీ కుదురుకుంటే మాత్రం ఏళ్లకేళ్లు ఉంటారు. పాట్రిక్ మనేలీ షికాగో బేర్స్‌కి 16 సీజన్లు, 245 మ్యాచ్‌లు, ఆ క్లబ్బులో ఇంకెవరూ అన్ని ఆడలేదు. కాలేజీల్లో ఉత్తమ స్నాపర్‌కి 2019 నుంచి ఇస్తున్న అవార్డు అతని పేరు మీదే. డాన్ ముల్‌బాక్ డెట్రాయిట్‌కి 260 మ్యాచ్‌లు. మన కౌబాయ్స్‌లో లాడుసూర్, కెనడా మనిషి, 2005 నుంచి 2020 దాకా. 2007 జనవరిలో సియాటిల్‌లో హోల్డర్‌గా కూర్చున్న మన క్వార్టర్‌బ్యాక్ రోమో చేతుల్లోంచి జారిపోయిన బంతి గుర్తుందిగా, ఇక్కడ కొందరికి ఇంకా నిద్ర పట్టదు, ఆ స్నాప్ వేసింది లాడుసూరే. స్నాప్ శుభ్రంగా వచ్చింది. దానికి మాత్రం అతన్ని ఎవరూ ఏమీ అనలేదు. ఎందుకంటే అతను ఉన్నాడని ఎవరికీ గుర్తు లేదు. (నవ్వులు)

ప్రశ్నలు ఏమన్నా ఉంటే అడగండి.

(వంగి ఉన్నప్పుడు వచ్చి గుద్దితే మెడ విరగదా అని ఒకరు అడిగారు.)

మంచి ప్రశ్న వదినగారూ, పిల్లాణ్ణి చేర్పించేముందు మా ఇంట్లోనూ ఇదే గొడవ. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఇప్పుడు కిక్‌లప్పుడు స్నాపర్‌కి సరిగ్గా ఎదురుగా మనిషి నిలబడకూడదు. వంగి ఉన్నవాడు తనని తాను కాపాడుకోలేడు కాబట్టి ఆ రూలు. పాతరోజుల్లో నెత్తి మీదకే వచ్చేవాళ్లు. అయినా దెబ్బలు తగులుతాయి, తగలవని అబద్ధం చెప్పను.

(అసలు ఈ పనిలోకి ఎవరొస్తారు అని ఇంకొకరు.)

ఒక్కొక్కడిది ఒక్కో దారి అన్నయ్యా. మన ఆస్టిన్‌లో నేట్ బోయర్ ఉండేవాడు. సైన్యంలో గ్రీన్ బెరే, అంటే ప్రత్యేక దళం మనిషి, అంతకుముందు ఫుట్‌బాల్ ఆడనే లేదు. ముప్పైకి దగ్గరపడ్డాక టెక్సస్ యూనివర్సిటీలో చేరి, స్నాప్ చెయ్యడం నేర్చుకుని ఆడాడు. 2015లో సీహాక్స్ వాళ్లు సంతకం కూడా పెట్టించుకున్నారు. 2016లో జాతీయ గీతం అప్పుడు ఫార్టీనైనర్స్ క్వార్టర్‌బ్యాక్ కేపర్నిక్ నిరసనగా కూర్చోవడం మానేసి మోకాలి మీద ఉన్నాడు చూడండి, అలా చెయ్యమని సలహా ఇచ్చింది ఇతనే. ఇంకొకడు ఫిలడెల్ఫియా ఈగల్స్‌లో జాన్ డోరెన్‌బాస్, మెజీషియన్. అమెరికాస్ గాట్ టాలెంట్‌లో 2016లో మూడో స్థానం. 2017లో అతన్ని న్యూ ఆర్లీన్స్‌కి ఇచ్చేశారు. అక్కడ మామూలుగా చేసే మెడికల్ పరీక్షలో గుండె దగ్గర పెద్ద రక్తనాళం ఉబ్బి ఉందని బయటపడింది, ఓపెన్ హార్ట్ సర్జరీ అయింది, ఆట అక్కడితో సరి. టీమ్ మారకపోతే ఆ పరీక్ష ఎప్పుడయ్యేదో. ఆ ఏడు ఈగల్స్ సూపర్ బౌల్ గెలిచి, టీమ్‌లో లేకపోయినా, గెలిచినవాళ్లకిచ్చే ఉంగరం అతనికీ ఇచ్చారు.

(టీమ్‌కి ఒకడే అన్నారు, వాడికి మధ్యలో గాయమైతే వెంటనే ఎవర్ని తెస్తారు?)

ఇంటి దగ్గర ఉన్నవాడిని తెస్తారు. ఖాళీగా ఉన్న స్నాపర్ల ఫోన్ నంబర్లు ప్రతి టీమ్ దగ్గరా ఉంటాయి, అప్పుడప్పుడూ పిలిచి ఓ గంట చూసి పంపేస్తుంటారు కూడా. ఆ డోరెన్‌బాస్‌కే 2016 డిసెంబర్లో మణికట్టు విరిగింది. అప్పుడు ఈగల్స్ పిలిచిన కుర్రాడు రిక్ లొవాటో. అప్పటికే కొన్ని టీమ్‌లు చూసి వదిలేశాయి, న్యూజెర్సీలో వాళ్ల కుటుంబం నడిపే శాండ్‌విచ్ షాపులో పని చేసుకుంటున్నాడు. వచ్చి మిగిలిన మ్యాచ్‌లు ఆడాడు, తర్వాతి ఏడు డోరెన్‌బాస్‌ని పంపేసి ఇతన్నే ఉంచుకున్నారు, ఆ సీజన్లోనే సూపర్ బౌల్, 2024 సీజన్లో ఇంకోటి. రెండు ఉంగరాలు. న్యూజెర్సీ ఎడిసన్ నుంచి వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ఆ షాపు మీకు గంటలోపే.